పటం మూలన ఉన్న దీవులు

మా ఊళ్ళో మమ్మల్ని పేర్లు పెట్టి పిలిచేవారు లేరు. ఒకరిని మాస్టారు అంటారు, ఒకరిని టీచరమ్మ అంటారు. ఇద్దరమూ శ్రీకాకుళం జిల్లా పల్లెటూరి బడుల్లో పనిచేసి రిటైరైన వాళ్ళమే. ఈ నాలుగు మాటలూ ఇద్దరం కలిసి రాస్తున్నాము. మాస్టారు చెబుతారు, టీచరమ్మ రాస్తుంది, కుదరని చోట ఇద్దరం కాసేపు పోట్లాడుకుని మళ్ళీ రాస్తాము. అందుకే ‘మేము’ అంటున్నాము. విడిగా చెప్పవలసి వచ్చినప్పుడు ఊరివాళ్ళు పెట్టిన పేర్లే వాడుకుంటాము.

పెళ్ళయి ముప్పై ఏడేళ్ళయింది. ఇన్నేళ్ళలో మేమిద్దరమే కలిసి ఎక్కడికీ వెళ్ళింది లేదు. పెళ్ళిళ్ళకు వెళ్ళాము, చావులకు వెళ్ళాము, పిల్లల కాలేజీ సీట్ల కోసం వెళ్ళాము, ఆసుపత్రులకు వెళ్ళాము. ఊరికే చూడడానికి మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. అలాంటి మేము పోయిన ఫిబ్రవరిలో అండమాన్ దీవులకు వెళ్ళి ఏడు రోజులుండి వచ్చాము. ఎందుకు వెళ్ళామో ముందు చెప్పాలి.

మాస్టారికి కొంతకాలంగా పక్కనున్నవి కనబడడం లేదు. పక్కన పెట్టిన మంచినీళ్ళ గ్లాసు చెయ్యి తగిలి పడిపోయేది. గుమ్మం అంచు భుజానికి తగిలేది. టీచరమ్మ పరధ్యానం అనుకుంది. ఒకరోజు సాయంత్రం సైకిలు మీద వస్తూ పక్కనుంచి వచ్చిన గేదెను గుద్దుకుని కాలువ గట్టు మీద పడ్డారు. అప్పుడు విశాఖపట్నం తీసుకెళ్ళి చూపిస్తే గ్లకోమా అన్నారు. మనవైపు నీటికాసులు అంటారు. కంటిలో ఒత్తిడి పెరిగి, చూపును మెదడుకు తీసుకెళ్ళే నరం కొంచెం కొంచెంగా దెబ్బతింటుంది. ఎక్కువమందిలో నొప్పి ఉండదు. ముందు పక్కచూపు పోతుంది, ఎదుటి చూపు చాలాకాలం నిలుస్తుంది. అందుకే మనిషికి తెలియదు.

“పోయిన చూపు తిరిగి రాదండీ. చుక్కలు మానకుండా వేసుకుంటే ఉన్నది కాపాడుకోవచ్చు” అన్నారు డాక్టరుగారు. ఆ తరువాత పాత చీటీ ఒకటి చూసి, “ఏణ్ణర్ధం కిందటే కంటి శిబిరంలో మీకు ఈ సంగతి చెప్పారు కదా, చుక్కలు ఎందుకు మానేశారు?” అని అడిగారు. టీచరమ్మ అప్పుడే మొదటిసారి వింది. మాస్టారు నేల చూశారు. బస్సులో ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట లేదు. ఆ తరువాత ఎనిమిది నెలలు చుక్కల మాట తప్ప ఆ సంగతి మా మధ్య రాలేదు.

ఒకరోజు టీచరమ్మే అడిగింది, “మీకు ఏదైనా చూడాలని ఉందా?” అని. మాస్టారు ఆలోచించకుండానే “అండమాన్” అన్నారు. సాంఘిక శాస్త్రం చెప్పిన మనిషి. ముప్పై మూడేళ్ళు బోర్డు మీద భారతదేశ పటం గీసి, కుడివైపు కింద మూలన సుద్దముక్కతో టకటకా చుక్కలు పెట్టేవారు. పిల్లలు పటం గీసి ఆ చుక్కలు మరచిపోతే అర మార్కు తీసేసేవారు. “ఎంతమందికి అర మార్కు తీసేశానో! ఆ చుక్కలు నేనే ఎప్పుడూ చూడలేదు” అన్నారు.

ఇంటి ప్రహరీగోడ కోసం దాచిన డబ్బు ఉంది. అది తీశాము. “ఈ వయసులో హనీమూనా?” అని వీధిలో నవ్వారు. పాస్టరుగారు మాత్రం, “గోడ వచ్చే ఏడాది కూడా కట్టుకోవచ్చు, వెళ్ళిరండి” అని ప్రార్థన చేసి పంపారు.

విశాఖ నుంచి అప్పుడప్పుడు ఓడ వెళుతుందిగాని తారీఖులు మాకు కుదరలేదు. రైల్లో చెన్నై వెళ్ళి అక్కడ విమానం ఎక్కాము. రెండు గంటల పైచిలుకు ప్రయాణం. కిటికీ పక్క సీటు మాస్టారిది. చాలాసేపు నీళ్ళూ మేఘాలూ తప్ప ఏమీ లేవు. తరువాత ముదురు ఆకుపచ్చ రంగులో ఒక్కొక్క దీవి, చుట్టూ తెల్లటి నురగ అంచు. మాస్టారు నుదురు అద్దానికి ఆనించి, “చుక్కలు కావే, అడవులు!” అన్నారు.

చిన్నా పెద్దా దీవులూ, రాతిదిబ్బలూ కలిపి ఎనిమిది వందలకు పైగా ఉన్నాయి. మనుషులు కాపురం ఉండేవి నలభై లోపే. మన విశాఖకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. మయన్మార్, థాయిలాండ్ మనకన్నా దగ్గర. మనం పోర్ట్‌బ్లెయిర్ అని చదువుకున్న పట్టణానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. 1789లో ఇక్కడ స్థావరం వేసిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ పేరు అది. ఊళ్ళో ఆటోవాళ్ళ నోట ఇప్పటికీ రెండు పేర్లూ వినబడ్డాయి.

మమ్మల్ని బసకు తీసుకెళ్ళిన ఆటో అబ్బాయి మా మాట విని వెనక్కి తిరిగి, “శ్రీకాకుళమా బాబూ?” అన్నాడు. వాళ్ళ తాత పని వెతుక్కుంటూ మన జిల్లా నుంచే ఓడెక్కి వచ్చాడట. అతను పుట్టింది ఇక్కడే. తాతగారి ఊరి పేరు చెప్పగలడుగాని ఊరు చూడలేదు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది దాకా తెలుగువాళ్ళే. చేపల రేవులో, బజారులో, చర్చిలో మన భాష వినబడుతూనే ఉంటుంది. ఏడు రోజుల్లో భాష రాక ఇబ్బంది పడింది ఒక్కసారి కూడా లేదు.

మొదటిరోజు మధ్యాహ్నం సెల్యులార్ జైలుకు వెళ్ళాము. 1857 తిరుగుబాటులో పట్టుబడిన వాళ్ళలో రెండు వందల మందిని 1858 మార్చి 10న ఈ రేవులో దింపారు. అప్పటి నుంచి ‘కాలాపానీ’ అనే మాట దేశమంతా భయపెట్టింది. జైలు కట్టడం 1896లో మొదలై 1906లో పూర్తయింది. మధ్యలో ఒక బురుజు, దాని నుంచి బండి చక్రం ఆకుల్లాగా ఏడు వరుసలు, మూడేసి అంతస్తులు. దాదాపు ఏడు వందల గదులు, గదికి ఒక్క మనిషి. ఒక వరుస ముందుభాగం ఇంకో వరుస వీపును చూసేలా కట్టారు. గది తలుపు దగ్గర నిలబడితే ఎదురుగా గోడ తప్ప మరో ఖైదీ ముఖం కనబడదు. గణేశ్, వినాయక్ సావర్కర్ అన్నదమ్ములు ఒకే జైల్లో ఉండి కూడా చాలాకాలం ఒకరినొకరు చూసుకోలేకపోయారని చెబుతారు. ఎద్దులు తిప్పవలసిన గానుగను మనుషుల చేత తిప్పించి రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయమనేవారు.

ఏడు వరుసల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. 1979 ఫిబ్రవరి 11న అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయి దీన్ని జాతీయ స్మారకంగా అంకితం చేశారు. తీసేసిన వరుసల చోట ఇప్పుడు ఆసుపత్రి ఉంది. మనుషులను విరిచేయడానికి కట్టిన చోట రోగులకు వైద్యం జరుగుతుంటే చూసి తృప్తి కలిగింది.

ఒక గదిలోకి ఇద్దరం వెళ్ళి నిలబడ్డాము. ఎత్తున చిన్న కిటికీ, దానిలోంచి కొంచెం వెలుతురు. వెలుతురు తగ్గితే మాస్టారికి చూపు ఇంకా తగ్గుతుంది. బయటికి వస్తూ గడప తట్టుకుని తూలారు. టీచరమ్మ చెయ్యి అందించింది. “వద్దు, నడవగలను” అని గోడ పట్టుకుని వచ్చారు. పైన బురుజులో పాలరాతి పలకల మీద ఖైదీల పేర్లు వరుసగా చెక్కి ఉన్నాయి. అక్షరాలు మసక. మాస్టారు కాసేపు ప్రయత్నించి, “కాస్త చదివి పెట్టు” అన్నారు. టీచరమ్మ ఒక్కొక్క పేరూ పైకి చదివింది. మా వెనుక వచ్చిన కాలేజీ పిల్లలు కొందరు మాట్లాడడం మానేసి విన్నారు.

రెండో రోజు రాస్ దీవి. 2018లో దీనికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని పేరు పెట్టారు. పట్టణం నుంచి చిన్న పడవలో పది పదిహేను నిమిషాలు. పడవ ఎక్కేచోట ఒక చిక్కు వచ్చింది. జెట్టీకీ పడవకూ మధ్య జానెడు సందు, కింద నీళ్ళు, పడవ పైకీ కిందికీ ఊగుతోంది. మాస్టారు అడుగు వేయబోయి ఆగిపోయారు. ఆ సందు ఎక్కడుందో ఆయనకు కనబడలేదు. వెనుక జనం నిలబడిపోయారు. టీచరమ్మ అడగకుండా చెయ్యి పట్టుకుని, “ఇప్పుడు కుడికాలు” అంది. ఎక్కేశారు.

మా ఊళ్ళో ఆలుమగలు నలుగురిలో చెయ్యి పట్టుకుని నడవరు. ఇద్దరం చర్చికి వెళ్ళినా మాస్టారు పది అడుగులు ముందు, టీచరమ్మ పది అడుగులు వెనుక. పడవలో కూర్చున్నాక ఇద్దరికీ సిగ్గనిపించి చుట్టూ చూశాము. ఎవరూ మావైపు చూడడం లేదు. ఎవరి ఫొటోలు వాళ్ళు తీసుకుంటున్నారు. చెయ్యి అలాగే ఉండిపోయింది.

రాస్ దీవి చిన్నది. ఆంగ్లేయులు ఎనభై ఏళ్ళకు పైగా అండమాన్‌ను ఇక్కడి నుంచే ఏలారు. ఎదుటి ఒడ్డున ఖైదీలు గానుగలు తిప్పుతుంటే, ఇక్కడ నాట్యశాల, రొట్టెల బట్టీ, తోటలు. 1941లో పెద్ద భూకంపం వచ్చింది. 1942 మార్చిలో జపాను సైన్యం దీవులను పట్టుకుంది. 1945లో మళ్ళీ ఆంగ్లేయుల చేతికి వచ్చినా రాస్‌కు మునుపటి వైభవం తిరిగి రాలేదు. ఇప్పుడు చీఫ్ కమిషనరు బంగళాకు కప్పు లేదు. గోడలను మర్రిజాతి చెట్ల వేళ్ళు తాళ్ళలా చుట్టుకున్నాయి. మచ్చల జింకలు మనుషులకు భయపడకుండా పక్కనే తిరుగుతాయి. నెమళ్ళు అరుస్తున్నాయి. నడవలేని వారికి బ్యాటరీ బండి ఉందిగాని మేము మెల్లగా నడిచాము.

పైన గుట్ట మీద పాత ప్రెస్బిటేరియన్ చర్చి గోడలున్నాయి. కప్పు లేదు, బల్లలు లేవు. కిటికీల్లోంచి ఆకాశం కనబడుతోంది. అక్కడ ఆరాధన చేసినవాళ్ళు ఎదుటి ఒడ్డు జైలును ఆదివారంనాడు కూడా చూసే ఉంటారు. చూసి ఏమనుకునేవారో! పక్కన ఉన్నదాన్ని చూడకుండా బతకడం కంటిజబ్బు ఉన్నవాళ్ళకే కాదు, అందరికీ వచ్చేదే అనిపించింది. ఆ గోడల మధ్య కాసేపు మౌనంగా నిలబడి వచ్చేశాము.

అదే పడవ అక్కడి నుంచి నార్త్ బేకు వెళ్ళింది. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనుక కొబ్బరిచెట్లు, సముద్రం, దూరంగా లైట్‌హౌసు ఉన్న బొమ్మ గుర్తుందా? అది నార్త్ బే దృశ్యమే. ఇక్కడ అడుగున అద్దం బిగించిన పడవలున్నాయి. ఈత రానివాళ్ళు వాటిలో కూర్చుని సముద్రం అడుగు చూడవచ్చు. పడవ మధ్యలో పెట్టెలాంటి అద్దం, చుట్టూ తలలు వంచి మనం. కింద పగడపు దిబ్బలు. కొన్ని జింక కొమ్ముల్లా, కొన్ని మనిషి మెదడులా, కొన్ని బల్లపరుపుగా ఉన్నాయి. మధ్యలో పసుపు చారల చేపలు, నీలం చేపలు, గుంపులు గుంపులుగా. పగడం రాయి కాదని, చెట్టు కాదని, వేలకొద్దీ చిన్న ప్రాణులు కలిసి కట్టుకున్న ఇల్లని మాస్టారు బడిలో చెప్పినట్టే పడవలో అందరికీ చెప్పారు. నీళ్ళు మరీ వేడెక్కితే ఆ ప్రాణులు రంగు కోల్పోయి తెల్లబడిపోతాయి. 2010లో ఇక్కడ చాలా పగడాలు అలా దెబ్బతిన్నాయి.

ఆ రోజు పడవలో అందరికన్నా బాగా చూసింది మాస్టారే. ఆయనకు మిగిలిన చూపు నేరుగా ఎదురుగా ఉన్నంతమేరే. ఆ అద్దం కూడా అంతే. “నా కంటికి కొలతపెట్టి చేసినట్టుందే ఇది!” అని చిన్నపిల్లాడిలా నవ్వారు. “ఎదురుగా ఉన్నవి బాగానే కనబడతాయి మీకు. పక్కనున్నవే కనబడవు. అది నీటికాసులు రాకముందు నుంచీ ఉన్నదే” అంది టీచరమ్మ. పడవ నడిపే కుర్రాడు తెలుగువాడే. పగలబడి నవ్వాడు. మాస్టారు కూడా నవ్వారుగాని, ఒడ్డుకు వచ్చేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

శనివారం చాథమ్ కొయ్యల మిల్లు చూశాము. 1883లో పెట్టిన మిల్లు ఇది. పడౌక్ అనే ఎర్రటి కలప వాసన చాలాసేపు బట్టలకు పట్టి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడిన గొయ్యి ఇప్పటికీ అక్కడ కనబడుతుంది. ఆదివారం ఆటో అబ్బాయి తమ తెలుగు చర్చికి తీసుకెళ్ళాడు. ఆరాధన అయ్యాక ఒక ముసలమ్మ మా చేతులు పట్టుకుని, “మా వైపు వానలు బాగా పడ్డాయా?” అని అడిగింది. ఆమె వచ్చి యాభై ఏళ్ళయిందట. ఇంకా ‘మా వైపు’ అంటే శ్రీకాకుళమే. వాళ్ళింట్లోనే చేపల పులుసుతో భోజనం చేశాము.

భోజనాల దగ్గర 2004 డిసెంబరు 26 మాట వచ్చింది. క్రిస్మస్ మరునాడు, ఆదివారం ఉదయం. భూమి అదిరింది, తరువాత సముద్రం లేచింది. అన్నిటికన్నా ఎక్కువ నష్టం దక్షిణాన నికోబార్ దీవుల్లో జరిగింది. మన దేశం దక్షిణపు కొన అయిన ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది. నికోబారు ప్రజల్లో ఎక్కువమంది క్రైస్తవులు. వారి భాషలో కొత్త నిబంధనను అందించిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ ఆ దీవుల బిడ్డే. 1952లో మొదటి లోక్‌సభకు నామినేట్ అయ్యారు. ఆ దీవుల్లో ఎక్కువ చోట్లకు మనలాంటి యాత్రికులను మామూలుగా అనుమతించరు. అక్కడివారి కోసం ప్రార్థన చేసి లేచాము.

ఒక సంగతి మేము కావాలనే చూడలేదు. బారాటాంగ్ సున్నపురాయి గుహలకు చాలామంది వెళుతున్నారు. ఆ రోడ్డు జరావా అనే ఆదివాసులుండే అడవి మధ్య నుంచి పోతుంది. బండ్లన్నీ వరుసగా కాపలాతో పంపుతారు. ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. వేల ఏళ్ళుగా తమ అడవిలో బతుకుతున్న వాళ్ళు వాళ్ళు. మన జలుబు, మన జ్వరాలు కూడా వాళ్ళకు ప్రాణాంతకం కావచ్చు. గుహల కోసమని వెళ్ళినా, దారిలో కళ్ళు మనుషులనే వెతుకుతాయి. “చూడాలని అడిగింది నేనే. కానీ ఇది చూడడం కాదు, తొంగి చూడడం” అన్నారు మాస్టారు. ఆ డబ్బు మిగిలింది.

సోమవారం హేవ్‌లాక్ దీవికి వెళ్ళాము. 2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్. ప్రభుత్వ ఓడలో రెండున్నర గంటలు. టీచరమ్మకు కడుపులో తిప్పింది. ఇప్పుడు చెయ్యి పట్టుకోవడం మాస్టారి వంతు అయింది. “దూరంగా ఒడ్డునే చూస్తూ ఉండు, తగ్గుతుంది” అని చెప్పి, నిమ్మకాయ ఇచ్చి, దిగేదాకా కబుర్లు చెప్పారు. ఈ దీవిలో ఎక్కువమంది తూర్పు బెంగాలు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవారు. వరిచేలు, పోకతోటలు, అరటితోటలు చూస్తే మన కోనసీమ గుర్తుకొచ్చింది.

సాయంత్రం రాధానగర్ బీచికి వెళ్ళాము. 2004లో ‘టైమ్’ పత్రిక ఆసియాలోకెల్లా మేలైన బీచి అని రాసింది దీన్ని. మాకు సముద్రం కొత్త కాదు, మా ఊరికి పది మైళ్ళే. కానీ మా సముద్రం కూలి పని చేసే సముద్రం. వలలు, పడవలు, ఉప్పుచేపలు, కేకలు. ఇక్కడ పిండిలాంటి తెల్లటి ఇసుక, వెనుక ఎత్తయిన అడవి, లేత ఆకుపచ్చ నీళ్ళు. మోకాలి లోతులో నిలబడితే కాలి వేళ్ళు కనబడతాయి.

ఒడ్డున ఒక దుంగ మీద కూర్చున్నాము. ఈ దీవులు మనకు చాలా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. అందుకే ఐదున్నరకల్లా పొద్దు గుంకిపోతుంది. “ఇప్పుడు మనూళ్ళో ఇంకా అరగంట పైనే ఎండ ఉంటుంది” అని మాస్టారు లెక్క చెప్పారు. సూర్యుడు నీళ్ళ మీదికి దిగుతున్నాడు. చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారు.

“ఏం కనబడుతోంది మీకు?” అంది టీచరమ్మ.

“సూర్యుడు కనబడుతున్నాడు. కింద కొంచెం నీళ్ళు. చుట్టూ ఏమీ లేదు.”

కాసేపటికి టీచరమ్మ ఎనిమిది నెలలుగా అడగనిది అడిగింది. “ఏణ్ణర్ధం నాతో చెప్పకుండా ఎలా ఉండగలిగారండీ? చుక్కలు వేసుకుని ఉంటే ఇంకొంత చూపు మిగిలేది కదా. చుక్కల సీసా నాకు కనబడుతుందని మానేశారా?”

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు, “మా నాన్న గుర్తున్నాడా నీకు? ఆఖరి నాలుగేళ్ళు అరుగు మీద కూర్చుని, ఎవరైనా చెయ్యి పట్టుకుంటారా అని అడుగుల చప్పుడు వింటూ ఉండేవాడు. ముసలితనం చూపు అనుకున్నాం. ఇదే జబ్బు అయి ఉంటుంది. నేను ఎన్నిసార్లో బడికి టైమైందని చప్పుడు చెయ్యకుండా పక్కనుంచి వెళ్ళిపోయాను. ఆ అరుగు మీద కూర్చోవడం నావల్ల కాదనిపించింది. నీకు చెబితే ఆ రోజు నుంచే కూర్చోవాలి.”

టీచరమ్మకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. “మామగారి చెయ్యి పట్టుకుని పొలం గట్టు దాకా తీసుకెళ్ళిందెవరనుకున్నారు? మీరు బడి నుంచి వచ్చేలోగా రోజూ తీసుకెళ్ళేదాన్ని. చేలో ఏం పెరిగిందో, ఎవరు ఎదురొచ్చారో అన్నీ చెప్పేదాన్ని. ఆయన నవ్వేవారు. నాకేం బరువనిపించలేదు. మీరు చెప్పకపోవడమే బరువయింది” అంది.

మాస్టారికి ఈ సంగతి తెలియదు. ముప్పై ఏళ్ళ కిందటి సంగతి, పక్కనే జరిగింది, ఆయనకు కనబడలేదు. “తప్పయిపోయింది” అన్నారు. తండ్రిని తలచుకుని అన్నారో, భార్యతో అన్నారో మేము తరువాత కూడా విడదీసి చూసుకోలేదు. ఇద్దరికీ కలిపే అనుకున్నాము.

పొద్దు గుంకాక చీకటి తొందరగా పడింది. చెట్ల మధ్య నుంచి బండి దాకా నడవాలి. అక్కడక్కడ వేళ్ళు, గోతులు. మాస్టారికి అప్పటికి ఏమీ కనబడడం లేదు. ఈసారి ఆయనే చెయ్యి చాపారు. “చెప్పుకుంటూ నడువు” అన్నారు. “ఎడమవైపు పెద్ద మాను, మనమిద్దరం చేతులు చాపినా చుట్టూ అందదు. ఇక్కడ వేరు ఉంది, కాలు ఎత్తండి. అదిగో, కొబ్బరిబోండాల అమ్మాయి కొట్టు కట్టేస్తోంది” అని టీచరమ్మ చెబుతూ నడిచింది. రాత్రి తొమ్మిదింటికి బసలో మాస్టారు తల వెనక్కి వాల్చారు, టీచరమ్మ రెండు కళ్ళలోనూ చుక్కలు వేసింది. అప్పటిదాకా ఆయన వేసుకోవడం, ఆమె వేసుకున్నారా అని అడగడం. ఆ రాత్రి నుంచి వేసేది టీచరమ్మే.

ఇంకో రోజు ఆ దీవిలోనే ఊరికే గడిపాము. మాస్టారు చూడవలసినవాటి జాబితా ఒకటి రాసి తెచ్చారు. అందులో నాలుగైదు మిగిలిపోయాయి. ఏమీ విచారం లేదు.

ఈ దీవుల నుంచి పగడపు ముక్కలు ఏరుకుని తేకూడదు. విమానాశ్రయంలో సామాను తనిఖీ ఉంటుంది. మేము ఇసుకరేణువు కూడా తేలేదు, చెప్పుల్లో ఇరుక్కున్నది తప్ప.

మీలో ఎవరైనా వెళ్ళాలనుకుంటే నవంబరు నుంచి ఏప్రిల్ లోగా వెళ్ళండి. వానాకాలంలో ఓడలు సరిగా తిరగవు. మన దేశస్థులకు అండమాన్‌లో మామూలు యాత్రా స్థలాలకు అనుమతి పత్రం అక్కరలేదు, గుర్తింపు కార్డు ఉంటే చాలు. చెప్పులు జారనివి వేసుకోండి. మందులు ఇంటి నుంచే సరిపడా తీసుకెళ్ళండి. రోజుకు ఒకటీ రెండు చోట్లకన్నా పెట్టుకోవద్దు.

వెళ్ళినా వెళ్ళకపోయినా ఒక పని మాత్రం చేయండి. నలభై దాటినవారు కంటిలో ఒత్తిడి, కంటి నరం పరీక్ష చేయించుకోండి. ఇంట్లో ఒకరికి నీటికాసులు ఉంటే అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్ళకూ, పిల్లలకూ వచ్చే అవకాశం ఎక్కువ. నొప్పి లేదు కదా అని ఆగవద్దు. మేము తిరిగి వచ్చాక మాస్టారి తమ్ముణ్ణి, మా అబ్బాయిని పంపించాము. అబ్బాయికి ఏమీ లేదన్నారు. తమ్ముడికి ఒత్తిడి ఎక్కువగా ఉందట. చూపు ఇంకా పోలేదు, చుక్కలు మొదలుపెట్టారు. మాస్టారు ఆ కబురు విన్న రోజున చాలాసేపు అరుగు మీద కూర్చున్నారు. టీచరమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది.

ప్రహరీగోడ ఇంకా కట్టలేదు. మేకలు వచ్చి మందారం తిని పోతున్నాయి. ఇప్పుడు చర్చికి చెయ్యి పట్టుకునే వెళుతున్నాము. మొదటి రెండు ఆదివారాలు పిల్లలు నవ్వారు. మూడో ఆదివారం నుంచి మానేశారు.

మొన్న మనవడు బడిలో ఇచ్చిన పటం పని తెచ్చుకుని తాత దగ్గర కూర్చున్నాడు. దేశం అంతా గీసి, రంగులు వేసి, కింద మూల ఖాళీగా వదిలేశాడు. మాస్టారు పెన్సిలు తీసుకుని, “అర మార్కు పోతుందిరా” అంటూ కాగితం మీద చెయ్యి తడిమారు. టీచరమ్మ ఆయన వేలు పట్టుకుని సరైన చోట ఆనించింది. ఆయన ఒక్కొక్క చుక్కా పెడుతూ, అందులో ఏముందో వాడికి చెప్పారు.